మాంత్రికుని కోట, చుట్టూ నేల: తెలుగు అద్భుత కథల్లో ‘గట్టు’ చరిత్ర – ఆస్పరి ప్రాంత నేపథ్యం

వ్యాససంగ్రహం: అద్భుత కథల్లో దుష్టనాయకుని కోటను చుట్టుకొని ఒక భయంకరమైన నేల ఉంటుంది. తెలుగు మౌఖిక కథలో ఆ నేలకు ‘గట్టు’ అని పేరు. బాలనాగమ్మ కథ నుంచి చందమామ ధారావాహికల మీదుగా ఫ్యాక్షన్ సినిమాల వరకు ఈ కల్పన ఎలా మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పాత కథలో భయం నాయకునికి చెందినది. కొత్త కథలో అది నేలకు, ఆ నేలమీది మనుషులకు అంటుకున్నది. ఈ మార్పును ఆస్పరి, ఆలూరు, హొళగుంద ప్రాంతపు దేవరగట్టు సంప్రదాయంతో పోల్చి విశ్లేషించడం వ్యాసోద్దేశం.

కీలకపదాలు: గట్టు, బాలనాగమ్మ, చందమామ, దేవరగట్టు, ఫ్యాక్షన్ సినిమా, పడమటి కర్నూలు.

1. ప్రస్తావన

అద్భుత కథలో ప్రతినాయకునికి ఒక కోట ఉంటుంది. ఆ కోట చుట్టూ మనిషి అడుగుపెట్టడానికి జంకే నేల ఉంటుంది. కథానాయకుడు కోటలో చేసే పోరాటం కొద్దిసేపే. ఆ నేలను దాటడానికే ఎక్కువ కాలం పడుతుంది. అందువల్ల ఇటువంటి కథలను అంచనా వేసేటప్పుడు మాంత్రికుని గుణగణాలతో పాటు అతని చుట్టూ ఉన్న నేల స్వభావాన్ని కూడా పరిశీలించవలసి ఉంటుంది. మన విమర్శ మాంత్రికుని పాత్రను గురించి కొంత చెప్పింది కాని, అతడు నిలబడిన నేలను గురించి చెప్పినది తక్కువ.

ప్రపంచ సాహిత్యంలో ఈ కల్పనకు అందరికీ తెలిసిన ఉదాహరణ 1954-55లో మూడు సంపుటాలుగా వెలువడిన జె. ఆర్. ఆర్. టోల్కీన్ నవల ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’. అందులో సారోన్ అనే చీకటి ప్రభువు కోట బరాద్‌దూర్. ఆ కోట గోర్గొరోత్ అనే బూడిద పీఠభూమిలో ఉంటుంది. ఆ పీఠభూమి మోర్డోర్ రాజ్యంలో భాగం. అక్కడి రాయి, గాలి, నీరు అన్నీ ప్రభువు దుష్టత్వానికి గుర్తులే. తెలుగులో దీనికి సమానమైన కల్పన ఉన్నదా, ఉంటే దాని చరిత్ర ఏమిటి అన్నది ఈ వ్యాసం వేసుకున్న ప్రశ్న.

పరిశీలనకు ఆస్పరి ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకోవడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, రాక్షసుల నివాసమని చెప్పుకొనే ఒక కొండను దేవుని కొండగా మార్చుకొన్న దేవరగట్టు సంప్రదాయం ఈ ప్రాంతంలో నేటికీ సజీవంగా ఉంది. రెండవది, గత మూడు దశాబ్దాల తెలుగు సినిమా ‘భయంకరమైన నేల’ అనే పాత్రను రాయలసీమకే అప్పగించింది. భయపడే నేలకు కథ అల్లిన సంప్రదాయమూ, భయపెట్టే నేలగా చిత్రితమైన ప్రాంతమూ ఇక్కడ ఒక్కటే.

2. పౌరాణిక నేపథ్యం: లంక, దండకారణ్యం

మన కథకులకు రావణుని లంక తొలి నమూనా. అయితే లంక బీడు కాదు. సముద్రం, సురస, సింహిక, కోట కాపలా — ఇవన్నీ హనుమంతునికి దారిలో ఎదురయ్యే అడ్డంకులు. లోపలి నగరం మాత్రం తోటలతో, మేడలతో శోభిల్లుతుంది. సీత దుఃఖపడిన చోటు కూడా అశోకవనమే. రావణుడు మరణించాక లంక కూలిపోదు. విభీషణుని పాలనలో కొనసాగుతుంది. దుష్టుని నేల దుష్టమైనది కానవసరం లేదన్న భావన ఇక్కడే స్పష్టంగా ఉంది.

ఉత్తరకాండలోని దండుని కథ మరొక కోణాన్ని చూపుతుంది. ఇక్ష్వాకుని కుమారుడైన దండుడు భార్గవుని కూతురు అరజపై అత్యాచారం చేస్తాడు. భార్గవుని శాపం వల్ల అతని రాజ్యం మీద ఏడు దినాలు దుమ్ము వర్షించి నేల నాశనమవుతుంది. అదే దండకారణ్యమైందని పురాణం చెబుతుంది. ఇక్కడ నేల నిజంగానే భయంకరంగా మారింది. కాని దోషం నేలది కాదు, రాజుది. రాజు పాపానికి నేల శిక్ష అనుభవించింది. మునులు ఆశ్రయం పొందిన చోటు జనస్థానమైంది. అంటే ఆ నేలమీద మళ్లీ మనుషులు నిలిచారు.

ఈ రెండు కథల నుంచి రెండు సూత్రాలు లభిస్తాయి: నాయకుడు వేరు, నేల వేరు, నేల బాధితురాలు కావచ్చును కాని నేరస్థురాలు కాదు. తరువాతి తెలుగు కథలను ఈ సూత్రాలతో పరీక్షించవచ్చు.

3. నాగళ్లపూడి గట్టు

తెలుగు మౌఖిక సాహిత్యంలో మాంత్రికుని స్థావరాలన్నిటిలో ప్రసిద్ధమైనది బాలనాగమ్మ కథలోని నాగళ్లపూడి గట్టు. బుర్రకథగా, పాటగా, నాటకంగా ఈ కథ ఊరూరా తిరిగింది. 1942లో జెమిని సంస్థ చిత్తజల్లు పుల్లయ్య దర్శకత్వంలో దీన్ని సినిమాగా తీసింది. కాంచనమాల బాలనాగమ్మగా, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీగా నటించారు. 1959లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో మరొక బాలనాగమ్మ వచ్చింది.

కథలో మాయల ఫకీరు బాలనాగమ్మను కుక్కగా మార్చి తన గట్టుకు తీసుకుపోతాడు. వెదుకుతూ వచ్చిన భర్తను, బంధువులను, సైన్యాన్ని రాళ్లుగా మారుస్తాడు. వ్రతం నెపంతో బాలనాగమ్మ అతన్ని దూరంగా ఉంచుతుంది. కొడుకు బాలవర్ధిరాజు పెరిగి, మారువేషంలో ఆ గట్టుకు చేరి, తల్లి ద్వారా ఫకీరు ప్రాణరహస్యం తెలుసుకొంటాడు. ఆ ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలుకలో ఉన్నది. చిలుక చనిపోగానే ఫకీరు చస్తాడు, రాళ్లు మళ్లీ మనుషులవుతారు.

ఈ కథలో నేల విషయమై గమనించదగ్గవి మూడున్నాయి.

ఒకటి, మాంత్రికుని ప్రాణం ఆ గట్టులో లేదు, దూరాన చిలుకలో ఉంది. మోర్డోర్ ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ సారోన్ శక్తి నిక్షిప్తమైన ఉంగరం ఆ నేలలోని అగ్నిపర్వతంలోనే పుట్టింది, అక్కడే కరిగింది. అది కరగగానే కోట కూలింది. తెలుగు కథకుడు ప్రభువుకూ నేలకూ అటువంటి శరీరసంబంధం కల్పించలేదు. అందుకే ఫకీరు చచ్చినా గట్టుకు ఏమీ కాదు.

రెండు, గట్టు మీద కనిపించే రాళ్లు నిజానికి మనుషులు. నేలను భయంకరం చేస్తున్నది పరాజితుల మౌనం. మాయ తొలగితే ఆ నేల జనంతో నిండుతుంది.

మూడు, ‘మరాఠీ’, ‘ఫకీరు’ అనే మాటలు ప్రతినాయకుణ్ణి ఆ నేలకు బయటివాడిగా నిలబెడతాయి. ఒక జాతినో మతాన్నో ఈ విధంగా ప్రతినాయకునికి అంటగట్టడం విమర్శకు అతీతం కాదు. అయినా కథానిర్మాణం దృష్టితో చూస్తే, భయం బయటినుంచి వచ్చి గట్టు మీద కూర్చుంది, గట్టులోంచి మొలవలేదు.

‘గట్టు’ అనే మాట కూడా ఆలోచింపదగినది. రాయలసీమలో గట్టు అంటే కొండ. చెరువుకు, ఏటికి, చేనికి ఉండే మిట్ట అంచు కూడా గట్టే. ఆపద దాటడాన్ని ‘గట్టెక్కడం’ అంటాము. భయస్థలానికీ రక్షణస్థలానికీ ఒకే మాట ఉండటం యాదృచ్ఛికమే కావచ్చు. అయితే గట్టును శాశ్వతంగా శాపగ్రస్తమైన చోటుగా చూడటానికి ఈ నుడికారం అవకాశమివ్వదు.

4. చందమామ కాలం: లోయలు, దీవులు, దుర్గాలు

మౌఖిక కథకూ ఆధునిక సినిమాకూ నడుమ నిలిచినది అచ్చు కథ. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీ మజిలీ కథలు’ ప్రయాణాన్నే కథాచట్రంగా చేసుకొన్నాయి. కె. వి. రెడ్డి దర్శకత్వంలో 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ నేపాళ మాంత్రికుణ్ణి తెలుగువారి ఊహలో స్థిరపరచింది. 1947 జూలైలో మొదలైన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం 1954 నుంచి రాసిన ధారావాహికలు ఈ ఊహాభూగోళాన్ని విస్తరింపజేశాయి. వాటిలో మొదటిది ‘తోకచుక్క’. ఇంగ్లండులో టోల్కీన్ నవల తొలి సంపుటం వెలువడిన సంవత్సరమే మద్రాసులో ఈ ధారావాహిక మొదలైంది. ఒకదానికొకటి తెలియని ఈ రెండు రచనాక్రమాలూ సమకాలికాలన్నది సాహిత్యచరిత్రకు అవసరమైన విషయం.

సుబ్రహ్మణ్యం ధారావాహికల శీర్షికలను వరుసగా చూస్తే వాటి దృష్టి ఎక్కడుందో తెలుస్తుంది: కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసి లోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, మాయా సరోవరం. ఇవన్నీ స్థలాల పేర్లే. ‘ముగ్గురు మాంత్రికులు’, ‘భల్లూక మాంత్రికుడు’ వంటి పాత్రల పేర్లు ఆ జాబితాలో తక్కువ. కథను నడిపించేది స్థలమేనని రచయిత శీర్షికలోనే ప్రకటించాడు. చిత్రా బొమ్మలు ఆ స్థలాలకు రూపాన్నిచ్చాయి.

ఈ ధారావాహికల్లో భయం పేరులోనే ఉన్నా, ఆ చోట్లు నిర్జనాలు కావు. తెగలు, వింత జాతులు, మునులు, వేటగాళ్లు అక్కడ ఎదురవుతారు. ఆ స్థలంలో నివసించేవారందరూ ప్రతినాయకుని పక్షం కారు. పాఠకుడు ఒక నెల భయపడిన లోయలోనే మరుసటి నెల ఒక మిత్రుణ్ణి కలుసుకొంటాడు. ఈ విధంగా మౌఖిక కథలోని విభజన, అంటే ప్రభువు వేరు నేల వేరు అన్న అవగాహన, అచ్చు కథలో కూడా నిలిచింది. ఆ లోయలు పటంలో ఎక్కడా లేనివి కావడం మరొక రక్షణ. రాకాసి లోయ నుంచి వచ్చానని చెప్పుకోవలసిన మనిషి ఎవరూ లేరు.

5. దేవరగట్టు: రాక్షసుల కొండ, దేవుని కొండ

ఇప్పుడు కల్పిత స్థలాల నుంచి వాస్తవ స్థలానికి వద్దాము. ఆస్పరి మండలమున్న ప్రాంతంలోనే హొళగుంద మండలంలో దేవరగట్టు ఉంది. ఈ రెండు మండలాలూ ఆలూరు శాసనసభ నియోజకవర్గంలోనివే. గట్టు మీది దేవుడు మాళమల్లేశ్వరుడు. పూర్వం మణి, మల్లాసురుడు అనే రాక్షసులు ఈ కొండల్లో మునులను పీడిస్తుండేవారనీ, పార్వతీపరమేశ్వరులు మాళమ్మ, మల్లేశ్వరులై వారిని సంహరించారనీ స్థలపురాణం చెబుతుంది. కర్ణాటకలోని మైలార, మహారాష్ట్రలోని జేజూరి ఖండోబా సంప్రదాయాల్లో కూడా మణి, మల్ల రాక్షసుల వధ కనిపిస్తుంది. కాబట్టి ఇది దక్కను పీఠభూమి అంతటా వ్యాపించిన ఒక కథాచక్రానికి తెలుగు నేలమీది రూపం.

ఈ స్థలపురాణంలోని విశేషం రాక్షసుల చివరి కోరిక. చనిపోయేముందు తమకు ఏటా మనిషి రక్తం కావాలని వారు కోరారనీ, దేవుడు అంగీకరించాడనీ అంటారు. అందుకే విజయదశమి రాత్రి బన్ని ఉత్సవంలో గొరవయ్య తన తొడ నుంచి తీసిన పిడికెడు రక్తాన్ని రక్షపడ అనే చోట రాక్షసుల పేరిట సమర్పిస్తాడు. బన్ని అన్నది జమ్మిచెట్టుకు కన్నడ పేరు. ఉత్సవానికి ముందు నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామాలవారు పాలబాస చేసి, తమలో తమకు పగలు లేవని ప్రమాణం చేసుకొంటారు. ఆ రాత్రి విగ్రహాల కోసం కర్రలతో సాగే పెనుగులాట ఏటా అనేకులను గాయపరుస్తున్నది. ఆ హింసను సంప్రదాయం పేరుతో సమర్థించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కథానిర్మాణాన్ని మాత్రమే ఇక్కడ పరిశీలిస్తున్నాము.

ఆ నిర్మాణంలో రాక్షసుని నేల నాశనం కాలేదు, ఖాళీ కాలేదు, దేవుని పేరు పెట్టుకొన్నది. ఓడిన రాక్షసునికి కూడా పిడికెడు వాటా మిగిలింది. అతని భయాన్ని ఒక రాత్రికి, ఒక రాతికి, ఒక పిడికిటికి పరిమితం చేశారు. మిగిలిన సంవత్సరమంతా ఆ గట్టు చుట్టూ సేద్యం నడుస్తుంది.

ఆస్పరి మండలంలోని కైరుప్పలలో ఉగాది మరునాడు జరిగే పిడకల సమరంలోనూ ఇటువంటి ధోరణే ఉంది. వీరభద్రస్వామి, కాళికాదేవి పక్షాలుగా ఊరు రెండుగా చీలి పిడకలతో కొట్టుకొంటుంది. ఆ కలహం దేవతల కల్యాణంతో ముగుస్తుంది. వైరానికి ఒక హద్దు, ఒక ముగింపు ఉండాలని ఈ ప్రాంతపు స్థానిక కథలు పట్టుబడతాయి.

6. కోట ఉన్న నేల: చరిత్ర సాక్ష్యం

ఈ ప్రాంతానికి నిజమైన కోటలు, నిజమైన ప్రభువులు కూడా ఉన్నారు. ఆదోని కొండకోట విజయనగర రాజుల తరువాత బిజాపూరు సుల్తానుల వశమైంది. సిద్ది మసూద్‌ఖాన్ ఏలుబడిలో ఉండగా 1680ల చివర ఔరంగజేబు సైన్యానికి లొంగింది. తరువాత నిజాం పక్షానికి దక్కి, 1786లో టిప్పుసుల్తాన్ దాడికి గురైంది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషు కంపెనీకి ధారాదత్తం చేశాడు. అప్పటికి దత్తమండలాల్లో సుమారు 80 మంది పాలెగాళ్లు ఉన్నారు. వారిని అణచి రైతులతో నేరుగా శిస్తు కట్టించుకొనే పని థామస్ మన్రో చేపట్టాడు. 1876-78 కరువులో బళ్లారి, కర్నూలు జిల్లాలు దారుణంగా నష్టపోయాయి. బళ్లారి జిల్లాలో ఉండిన ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రంతో పాటు కర్నూలు జిల్లాలో చేరాయి.

ఈ వరుసలో నేల స్వభావం వల్ల జరిగినది ఏదీ లేదు. ఒక శతాబ్ది పైగా నాలుగు రాజ్యాలు ఒకే కోట కోసం పోరాడితే, దాని చుట్టూ ఆయుధం పట్టినవాడే ప్రభువు కావడం రాజకీయ పరిణామం. వాన చాలకపోవడం వాతావరణం. వాన లేని నేలమీద శిస్తు తగ్గకపోవడం పాలన. ఈ మూడింటినీ కలిపి ‘ఆ నేలే అంత’ అనడం చరిత్ర కాదు. దత్తమండలాలు అనే పేరును వదులుకొని రాయలసీమ అనే పేరును 1928 నంద్యాల సభలో స్వీకరించడం వెనుక కూడా, ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేలగా తమను పిలిపించుకోకూడదన్న పట్టుదల ఉంది. ఆ పేరును సూచించిన చిలుకూరి నారాయణరావు తెలుగు పండితుడు కావడం మన శాఖలు గుర్తుంచుకోవలసిన విషయం.

7. సినిమాలో సీమ: గట్టు పటం మీదికి రావడం

1997లో ‘ప్రేమించుకుందాం రా’, 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఇంద్ర’, 2003లో ‘ఒక్కడు’. ఈ వరుస సినిమాలతో రాయలసీమ ఫ్యాక్షన్ ఒక కథాప్రక్రియగా స్థిరపడింది. ‘ఒక్కడు’లో హైదరాబాదు యువకుడు కర్నూలుకు వెళ్లి, కొండారెడ్డి బురుజు దగ్గర ఒక యువతిని ఓబుల్‌రెడ్డి చేతుల నుంచి తప్పించి, ఆమెను తీసుకొని పారిపోతాడు. నిర్మాణపరంగా ఇది బాలనాగమ్మ కథకు దగ్గరి చుట్టం: బందీ అయిన స్త్రీ, బలవంతుడైన అపహర్త, ఒంటరిగా ప్రవేశించే యువకుడు, దాటవలసిన నేల.

తేడా మాత్రం పెద్దది. నాగళ్లపూడి గట్టు శ్రోతకు తెలియని చోటు. కర్నూలు పటం మీద ఉన్న ఊరు. కొండారెడ్డి బురుజు ప్రజలు దినమూ నడిచే బజారు నడుమ ఉంది. మాయల ఫకీరు ఆ గట్టుకు బయటివాడు. ఫ్యాక్షన్ నాయకుడు మాత్రం ఆ నేలలోనే పుట్టి, ఆ నేల యాసలోనే మాట్లాడతాడు. ఫకీరు గట్టు మీది రాళ్లు తిరిగి మనుషులవుతారు. సినిమాలో సుమోల వెనుక కత్తులతో పరుగెత్తే మనుషులకు పేరు లేదు, ఇల్లు లేదు, తిరిగి మనుషులయ్యే ఘట్టమూ లేదు. రాయలసీమలో ముఠాకక్షలు నిజం, వాటిలో ప్రాణాలు పోవడం నిజం. కాని అవి కొన్ని కుటుంబాల ఆధిపత్యపోరు. సినిమా దాన్ని మట్టి గుణంగా మార్చింది. ఆ విధంగా తెలుగు కథాసంప్రదాయం జాగ్రత్తగా వేరుగా ఉంచిన ప్రభువూ నేలా ఒక్కటైపోయారు.

మోర్డోర్‌తో పోల్చినా ఈ లోపం స్పష్టమే. 1916లో సోమ్ యుద్ధరంగంలో పనిచేసిన టోల్కీన్, తన నవలలోని పాడునేలల చిత్రణకు యుద్ధానంతరపు ఉత్తర ఫ్రాన్సు కొంత ఆధారమని తరువాత అంగీకరించాడు. అంటే ఆ బూడిదనేల వెనుక మనుషులు చేసిన యుద్ధం ఉంది. అంతేకాదు, మోర్డోర్ దక్షిణాన నూర్నెన్ సరస్సు చుట్టూ సాగుభూములున్నాయి. అక్కడ బానిసలు సైన్యానికి తిండి పండిస్తారు. సారోన్ పతనం తరువాత కొత్త రాజు వారిని విడిపించి ఆ భూములను వారికే ఇస్తాడు. చీకటి ప్రభువు రాజ్యంలో కూడా రైతు ఉన్నాడనీ, యుద్ధం ముగిశాక నేల అతనిదేననీ ఆ రచయిత ఒక వాక్యమైనా రాశాడు. మన ఫ్యాక్షన్ సినిమా కథకు ఆ ఒక్క వాక్యం దొరకలేదు.

ఆ వాక్యం తెలుగు కథానికలో ఉంది. గుత్తి రామకృష్ణ నుంచి కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి వరకు రాయలసీమ కథకులు ఈ నేలను అక్కడ బతికేవారి వైపునుంచి రాశారు. ఆదోని, ఆలూరు వైపు పంట చేతికి రాని ఏడాది కుటుంబాలు గుంటూరు మిరపచేలకు పోవడాన్ని ‘సుగ్గికి పోవడం’ అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంటకోతల కాలం. కోతల సంబరానికి చెందిన మాట ఇక్కడ వలసకు పేరైంది. ఆస్పరి ప్రాంతపు అసలు విషాదం ఆ మాటలో ఉంది. సినిమా కోట గోడల మీద దాన్ని వెదకడం వృథా.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలివి. పౌరాణిక, మౌఖిక, అచ్చు కథాదశల్లో తెలుగువారి ‘భయంకరమైన నేల’ ప్రతినాయకుని నుంచి వేరుగా నిలిచింది. భయం తొలగాక ఆ నేల మనుషులకు తిరిగి వచ్చింది. దేవరగట్టు స్థలపురాణం ఈ దృష్టికి వాస్తవ స్థలంలో నిలిచిన సాక్ష్యం. 1990ల చివరి నుంచి సినిమా ఆ కల్పనను పటం మీది ఒక ప్రాంతానికి అంటించి, విభజనరేఖను చెరిపివేసింది.

కాబట్టి ఇటువంటి కథ ఏది ఎదురైనా మూడు ప్రశ్నలు వేసుకోవడం అవసరం. ఆ నేలమీద ఎవరు నివసిస్తున్నారు? వారికి కథలో మాట ఉన్నదా? ప్రభువు పతనమయ్యాక నేల ఎవరికి చెందుతుంది? ఈ ప్రశ్నలకు బాలనాగమ్మ కథ చెప్పే అక్షరజ్ఞానం లేని కథకుని దగ్గర జవాబులున్నాయి. కన్నడం, తెలుగు కలగలిసిన ఆలూరు, ఆదోని, ఆస్పరి పల్లెల్లో ఈ కథకు, మాళమల్లేశ్వరుని పాటలకు ఉన్న మౌఖిక పాఠాలను సేకరించి పోల్చడం పరిశోధకులు చేపట్టవలసిన పని. పాడేవారు వృద్ధులవుతున్నారు, వారి పిల్లలు సుగ్గిలో ఉన్నారు. ఆ పాఠాలు పోతే, ఈ నేలను గురించి మిగిలే కథ సినిమా చెప్పినదొక్కటే అవుతుంది.